సిమెంటు నీళ్ల తిమ్మిరి

కుక్కకాటు సూదులన్నీ వేయించుకొమ్మని తాను పట్టుబట్టకపోతే తన పెనిమిటి పోచయ్య బతికేవాడా? ఈ సందేహం లచ్చమ్మను ఏళ్లుగా వదల్లేదు. ఆ పాతరకం మందు ఇప్పుడు ఇవ్వడం లేదట. అయినా దీపం పెట్టినప్పుడల్లా భగవంతుణ్ణి అదే అడుగుతుంది.

హైటెక్ సిటీ పేరు అప్పుడప్పుడే జనం నోట నానుతోంది. ఆ రోజు కూడా పోచయ్య మాదాపూర్ బండల మధ్య లేస్తున్న ఆఫీసు స్లాబు మీదే ఉన్నాడు. కొత్త స్లాబు ఎండకు పగలకుండా, చిన్న గట్లు కట్టి నీళ్లు నిలపడం అతని పని. పొట్టి మనిషి. నీళ్లలో నాని నాని పాదాలు తెల్లగా ముడతలు పడ్డాయి. బొడ్డు చుట్టూ కుక్కకాటు సూదుల గడ్డలు ఇంకా అణగలేదు.

అతణ్ణి కరిచిన కుక్క, కింద ఇసుక కుప్ప మీద హాయిగా పడుకుని ఉంది.

"అది నాకన్న మంచిగున్నదే," అన్నాడు, సద్ది తెచ్చిన లచ్చమ్మతో. "సగంల బంద్ జేస్తనంటె ఇంటివా? కడుపు జల్లెడ జేయిస్తివి."

"పిచ్చిలేసి నన్నే కరుస్తవేమోనని," నవ్విందామె.

అతను ముద్ద పట్టుకుని ఆగాడు. "కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నయే. నీళ్లు సల్లగున్నయో ఉడుకుగున్నయో తెలుస్తలేదు."

"సిమెంటు నీళ్లకు గట్లనే అయితది."

అక్కడ పనిచేసే వాళ్లందరూ అనే మాటే అది.

మధ్యాహ్నం లేవబోయి కూలబడ్డాడు. "పొద్దుగూకకముందే కల్లు ఏసినవా మామా?" అని కూలీలు ఎగతాళి చేశారు. పోచయ్య కూడా నవ్వబోయాడు. మూతి ఒక పక్కే కదిలింది.

దవాఖానలో డాక్టరు అతని అరికాళ్లు గీకి చూశాడు. "ఈ కుక్కకాటు మందు వేలల్లో ఒక్కరికి నరాల మీద పడుతుందమ్మా. కుక్కకు పిచ్చే ఉండి సూదులు లేకపోతే ఒక్కరూ బతకరు. నీ తప్పు లేదు."

"గా ఒక్కడు ఈయనే ఎందుకైండు సారూ?"

చచ్చుదనం నడుముకు, ఆపైన ఛాతీకి ఎక్కింది. మర్నాడు పొద్దున ఆమె చెంబుతో నీళ్లు తెచ్చేసరికి ఊపిరి ఆగిపోయింది.

అన్నీ అయ్యాక గుడిసెకు వచ్చింది. వెనక బండ నీడలో ఏదో గోనె కప్పి ఉంది. ఎత్తి చూసింది. మంచినీళ్ల కుండ పెట్టే సిమెంటు గద్దె, నడుమ కుండ అడుగుకు సరిపడా గుంట. పట్నం వచ్చిన నాటినుంచీ రాళ్ల మీద కుండ ఒరుగుతోందని ఆమె అడుగుతూనే ఉంది, "రేపు జేస్త" అని అతను దాటేస్తూనే ఉన్నాడు. చెప్పకుండా బాకీ తీర్చి పోయాడు.

గద్దె ఇంకా పచ్చిగానే ఉంది. లచ్చమ్మ గోనెను మళ్లీ కప్పి, బిందెడు నీళ్లు తెచ్చి పోసింది. ఎండిన గోనె చప్పుడు లేకుండా తాగుతూ పోయింది.