నిండుగా తిరిగొచ్చే సీసా

పడుగు అతకడం సగంలో వదిలి లేవకూడదని ధర్మవరంలో మగ్గం ఎక్కిన ఎవరినడిగినా చెప్తారు. పాత నిలువు పోగు కొసకు కొత్త పోగు మెలేసి అతుకుతూ పోవాలి. మధ్యలో లేస్తే పోగులు చిక్కుపడతాయి, ఆ పూట కూలి గాలికి పోతుంది. అయినా కదిరమ్మ లేచింది. వాకిట్లో బడి అటెండరు నిలబడి, "మీ ఓబులేసు డ్రిల్లు పీరియడ్లో పడిపోయినాడక్కా, ఆసుపత్రికి తీస్కపోయినారు" అన్నాడు మరి.

పదో తరగతి చదివే కొడుకు ఆసుపత్రి మంచం మీద వక్కలా ఎండిపోయి ఉన్నాడు. చేతికి సెలైను పెట్టారు.

"ఏమ్మా, పిల్లోడు పగలంతా నీళ్లే తాగడంట. ఒంటికి గూడా పోకుండా బిగబట్టుకుంటాండాడు. లోపల చీము పట్టింది. ఇట్లే చేస్తే కిడ్నీలు పోతాయి" అంది డాక్టరమ్మ.

"తాగకేం తల్లీ. ఇంటికి రాంగానే చెంబుడు తాగుతాడు."

అన్నాక గానీ కదిరమ్మకు వెలగలేదు. నిజమే, సాయంత్రం గడప దాటీ దాటకముందే చెంబెత్తేవాడు. "బాయి నీళ్లన్నీ తాగుతాండావేమబ్బా" అని తాను నవ్వేది. బడికిచ్చిన నీళ్లసీసా నిండుగా తిరిగొస్తే మరిచిపోయాడనుకునేది. ఆ నీళ్లు పారబొయ్యడం ఎందుకని వాకిట్లో కరివేపాకు చెట్టుకు పోసేది. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని కరువులో ఆ చెట్టొక్కటే పచ్చగా నిలిచింది. పక్కింటివాళ్లు మెచ్చుకుంటే మురిసిపోయింది కూడా, పిచ్చితల్లి.

గుచ్చి గుచ్చి అడిగితే ఓబులేసు నోరు విప్పాడు.

ఆ ఏడాదే, రెండువేల ఐదు జనవరిలో బడి వార్షికోత్సవం జరిగింది. నాటకంలో రాణి వేషానికి ఓబులేసును ఏరి తెచ్చింది డ్రిల్లు మాస్టరు హనుమప్పే. కదిరమ్మ తన పెళ్లినాటి పట్టుచీర ఇచ్చింది. మాస్టరే దగ్గరుండి కుచ్చిళ్లు సరిచేసి, "రాణంటే ఇట్లుండల్ల" అన్నాడు. ఆడవేషం బాగా కట్టిన మగవాణ్ణి నెత్తిన పెట్టుకునే ఊళ్లే ఇవన్నీ. చప్పట్లకు కొదవ లేదు. ఆ తరువాత మాత్రం ఏరు దాటి తెప్ప తగలేశారు.

మర్నాటి నుంచి వాడి పేరే రాణి అయింది. బాత్రూములో మగపిల్లలు గడియ పెట్టి, నువ్వు మగోడివేనా అని చుట్టుముట్టేవారు. హనుమప్ప రోజూ గ్రౌండులో అందరి ముందూ "మగోని మాదిరి నడువు" అని తిప్పేవాడు, నడుము కదిలితే బెత్తం విసిరేవాడు. నీళ్లు తాగకుంటే బాత్రూముకు పోయే పని ఉండదు కదా అని వాడికి తోచింది. పసివాళ్ల తెలివి అంతే, తమ ప్రాణం మీదికే తెచ్చుకుంటారు.

"ఇంతదాకా నాకెందుకు చెప్పకపోతివి నాయనా?"

"ఏమని చెప్పల్లమా. వాళ్లనేది అబద్ధం గాదు." ఓబులేసు గోడవైపు తిరిగాడు. "చీర ఇప్పేటప్పుడు ఏడుపొచ్చె. అందరూ వేషం తీస్తాండిరి, నాకేమో అప్పుడే వేషం కట్టుకున్నట్టుండె. నేను మగపిల్లోన్ని కాదనిపిస్తాదిమా, చిన్నప్పట్నుంచీ. ఒగోసారి చచ్చిపోదామనిపిస్తాది."

కదిరమ్మకు వాడి మాట సగం అర్థం కాలేదు, అర్థమైన సగానికి భయమేసింది. హిందూపురంలో మగ్గం పనికి పోయిన మొగుడు వింటే ఏం చేస్తాడో. కొడుకు పాదాలు ముట్టుకుంటే చల్లగా తగిలాయి. దుప్పటి లాగి కప్పింది.

"చావు మాట మాత్రం ఎత్తొద్దు. మిగిలింది నాకు తెలీదు" అంది.

ఆసుపత్రి నుంచి వదిలాక కొడుకును వెంటబెట్టుకుని బడికి పోయింది. హెడ్మాస్టరు ఆంజనప్ప చెడ్డవాడేం కాదు, కుర్చీ వేయించాడు.

"చూడమ్మా, పరీక్షలు దగ్గరపడినాయి. అంతవరకూ పిల్లోన్ని ఇంటికాడ పెట్టుకో. అటెండెన్సు నేను చూసుకుంటా, హాల్ టికెట్టు పంపిస్తా. ఈడుంటే పిల్లోళ్లు ఊరుకోరు. వానికే మంచిది."

"ఇంటికాడ పాఠం ఎవురు చెప్తారు సార్? లెక్కల్లో ముందే వెనకబడినాడు."

"ముందు నడక మారల్ల. ఇంట్లో మీరే గారాబం చేసి చెడగొట్టినారు" అన్నాడు పక్కనే నిలబడ్డ హనుమప్ప.

"నా చీరకు కుచ్చిళ్లు పెట్టింది మీరే గదా సార్. ఆపొద్దు ముద్దొచ్చినాడే" అంది కదిరమ్మ. హనుమప్ప కిటికీ వైపు చూశాడు.

నిజానికి ఆమె సరేనని దండం పెట్టి వెళ్లిపోదామనే వచ్చింది. పెద్ద చదువుల వాళ్లతో మనకేం వాదులాట అని దారిపొడుగునా అనుకుంది. ఇంతలో ఓబులేసు చేతిలోని సీసా కంటబడింది. పొద్దున నింపిచ్చింది, ఇంకా నిండుగానే ఉంది.

"తాగు" అంది.

వాడు హనుమప్పను చూశాడు.

"తాగు నాయనా."

వాడు గుటకలేస్తూ సగం దాకా తాగాడు.

"తాగకుంటే బతకడని డాక్టరమ్మ చెప్పింది సార్. నా బిడ్డను ఇంటికాడ పెట్టుకోను. దినామూ ఈడికే వస్తాడు, ఈడే నీళ్లు తాగుతాడు. తాగినంక యాడికి పోవల్లో మీరే చెప్పండి."

గోడ మేకుకు సార్ల బాత్రూము తాళంచెవి వేలాడుతోంది. ఆంజనప్ప దానివైపు చూసి, కాగితాల్లోకి తల దించుకున్నాడు.

కదిరమ్మ లేచింది. కొడుకు చెయ్యి పట్టుకుని గ్రౌండు దాటి, మగపిల్లల బాత్రూము దాకా నడిచింది. గుమ్మానికి అడ్డంగా కింద కూర్చుంది.

"పో. నేనీడే ఉంటా."

"దినామూ వస్తావామా?"

మగ్గం మీద పడుగు ఇంకా సగం అతుకులోనే ఉంది.

"ఈపొద్దుకు పోయి రా" అంది.

వాడు లోపలికి పోయాడు. ఇంటర్వెల్ బెల్లు మోగింది. పరుగెత్తుకొచ్చిన పిల్లలు గుమ్మంలో ఆమెను చూసి నిలబడిపోయారు. వాళ్ల వెనక నుంచి హనుమప్ప గొంతు వినిపించింది.

"లెయ్యమ్మా, దారిడువు."

కదిరమ్మ లేవలేదు.