చెరపకుండా ఇచ్చిన ఫోను

విజయనగరంలో సైబర్ నేరాల శిక్షణ మొదలైన మూడోనాడు మధ్యాహ్నం, స్వర్ణ కంచం ముందు కూర్చుని ఫోను తెరిచింది. ఆ తరవాత చెయ్యి అన్నం మీదికి పోలేదు. తెలియని నంబరు నుంచి ఒక ఫొటో వచ్చింది. భావనపాడు సముద్రం ఒడ్డున తను ప్రేమించిన మురళీమోహన్ భుజం మీద తలపెట్టి తీసుకున్నది. దాని కింద ఇంకొకటి. మొహాలు వాళ్ళవే, ఒంటి మీద మాత్రం బట్టల్లేవు. ఎవరివో ఒళ్ళు తెచ్చి అతికించాడు వెధవ. రోజూ నాతో మాట్లాడు, లేకపోతే ఇవి మీ నాన్నకి పంపిస్తాను అని కింద రాసి ఉంది.

వాడెవడో వెతుక్కోనక్కర్లేదు. మొదటి ఫొటో ఆమె ఫోనులో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ ఫోను పోయిన నెల శ్రీకాకుళంలో, పగిలిన అద్దం మార్చమని ఒక రిపేరు కొట్లో పూటంతా వదిలేసింది. కొట్టువాడు అడిగాడని పాస్‌వర్డు కూడా చెప్పి వచ్చింది. సైబర్ దొంగల్ని పట్టడానికి జిల్లా అంతా గాలించి ఏరిన కానిస్టేబుళ్ళలో ఈవిడొకతె! నవ్వే ఓపిక ఉంటే తనే నవ్వుకునేది.

స్వర్ణ తండ్రి డేవిడ్‌రాజు తాపీమేస్త్రి, బాప్టిస్టు సంఘంలో పెద్ద. నవ్వితే ఇల్లంతా నవ్వు, కోపమొస్తే మాత్రం ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చెయ్యవు. మురళీమోహన్ గరివిడి దగ్గర వరి పండించుకునే హిందువుల ఇంటి పిల్లవాడు, అక్కడి ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. రెండేళ్ళుగా ఇద్దరూ రాసుకున్నదంతా ఆ ఫోనులోనే ఉంది. ఆమె ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

ఫిర్యాదు ఇవ్వాలంటే ఫోను ఇవ్వాలి. ఇస్తే ఏమవుతుందో ఆ పొద్దున్నే ఇన్‌స్పెక్టరు జగన్నాధం పాఠంలో చెప్పాడు. లోపలున్నదంతా మక్కికి మక్కి నకలు తీస్తారు, కావలసింది ఏరుకుని మిగతాది వదిలెయ్యడం కుదరదు. ఇచ్చేముందు ఒక్క ముక్క చెరిపినా దాని జాడ ఉండిపోతుంది, అవతలి ప్లీడరు ఆ ముక్కనే పట్టుకుని కేసంతా కూలదోస్తాడు. అంటే మురళి రాసిన ముద్దుమాటలన్నీ ఎవరో కుర్చీలో కూర్చుని చదువుతారు. ఆ తరవాత ఊరు నోరు మూసుకుంటుందన్న ఆశ ఎవరికీ ఉండదు.

మధ్యాహ్నం క్లాసులో బల్ల కింద వేలు మురళి పేరు మీదికి పోయింది. చెరిపెయ్యనా అని ఫోను అడిగింది. అవునంటే చాలు. బెదిరించినవాడి నంబరు కూడా ఆపేసి, తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా ఉండిపోవచ్చు. కానీ దొంగ వాడైతే తను నోరు మూసుకోవడమేమిటి? ఒళ్ళు మండిపోయింది. ఆ కొట్లో ఎంతమంది ఆడపిల్లలు ఫోన్లిచ్చి వెళ్ళి ఉంటారో తలుచుకుంటే ఇంకా మండింది. వద్దు అని నొక్కి, ఫోను సంచిలో పడేసింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. సాయంత్రం పక్క కానిస్టేబులు ఫోను అడిగి తీసుకుని నాన్నకి చేసింది. తన ఫోను ఇక ముట్టుకోదలుచుకోలేదు. మురళి సంగతి, ఫొటోలు, బెదిరింపు, రేపు ఫోను పోలీసులకి ఇచ్చేస్తున్న విషయం, ఆగితే మళ్ళీ చెప్పలేనన్నట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"రేపు వస్తన్నాను," అని డేవిడ్‌రాజు పెట్టేశాడు.

జుట్టు పట్టుకుని ఇంటికి ఈడ్చుకుపోవడానికే వస్తున్నాడనుకుంది. నాన్న వద్దంటే కాదనే ధైర్యం తనకుందో లేదో ఆమెకే తెలియదు. అందుకే తెల్లారి ఆయన వచ్చేలోపే వెళ్ళి, ఫోను జగన్నాధం బల్ల మీద పెట్టింది. ఆయన అంతా విని, ఇందులో నీ సొంత సంగతులు కూడా ఉంటాయి కదమ్మా, ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు. ఆలోచించే వచ్చానండి అంది. ఆయన ఫోను కవర్లో పెట్టి సీలు వేసి, కేసు కట్టమని శ్రీకాకుళం స్టేషనుకి తనే కబురు చేశాడు.

నౌపడాలో పాసింజరు ఎక్కి డేవిడ్‌రాజు పదిగంటలకి విజయనగరంలో దిగాడు. ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. తిట్టలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని, కూతుర్ని పక్కన కూర్చోమన్నాడు.

"ఆ బొమ్మలు నాకు పోయిన ఆదివారమే వచ్చినాయమ్మా."

పంపిస్తానని బెదిరించేనాటికే వాడు పంపేశాడన్నమాట. అలాంటి పని చేసేవాడికి మాట మీద నిలబడే నీతి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ ఆదివారం సాయంత్రం నాన్న తనకి ఫోను చేశాడు. అన్నం తిన్నావా అని అడిగి, ఇంకేమీ అనకుండా పెట్టేశాడు. ఆ ఫోను ఎందుకో స్వర్ణకి ఇప్పుడు అర్థమైంది.

"నానొక్కడినే సూసి సెరిపేస్తే ఇంకెవలూ సూడరనుకున్నాను," అన్నాడు డేవిడ్‌రాజు. "మీయమ్మకి కూడా సెప్పనేదు."

చెరిపినా అవి పోవని, తిరిగి పైకి తియ్యొచ్చని స్వర్ణ చెప్పింది. తండ్రికి కూడా పంపాడని రుజువైతే వాడు ఇక తప్పించుకోలేడంది. కానీ ఆ బొమ్మలు మళ్ళీ తెర మీదికొస్తాయి, నలుగురూ చూస్తారు, నీకు ఇష్టం లేకపోతే నేనడగను నాన్నా అంది.

డేవిడ్‌రాజు జేబులోంచి ఫోను తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"తియ్యమను. సూసినోలు సూస్తారు. నువ్వేటి తప్పు సేసినావని దాసుకోడం?" లేచి నిలబడ్డాడు. "ఆ గరివిడి పిల్లడి సంగతి ఇంటికాడ మాటాడుకుందుం. దానికీ దీనికీ ముడెట్టకు."

లోపల జగన్నాధం రెండో కవరు తీసి, వివరాలు అడగడం మొదలుపెట్టాడు. డేవిడ్‌రాజు తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు గట్టిగా చెప్పాడు. ఫొటోలో ఉన్న అమ్మాయి మీకేమవుతుందని అడిగాడు జగన్నాధం. గదిలో ఇంకో ఇద్దరు కానిస్టేబుళ్ళు తలలెత్తి చూశారు.

"నా పిల్ల," అన్నాడు డేవిడ్‌రాజు, అదీ గట్టిగానే.