ముప్ఫై రెండో సెంటీమీటరు

ఆ ఇంట్లో తలుపులు వేయరు. వీధి తలుపుకి ఇటుక అడ్డం పెట్టి ఉంటుంది. పడగ్గదులకి ఒక్కో కర్టెను, స్నానాలగదికి రెండు. బట్టల అలమర తలుపులు ఊడదీయించి చాలా ఏళ్ళయింది. ఫ్రిజ్ ఒక్కటే అమ్మ మూస్తుంది, అదీ నాన్న చూడనప్పుడు, చప్పుడు కాకుండా మోకాలితో నెడుతుంది. ఒకసారి దొంగ వచ్చి గడపలోనే ఆగిపోయి వెళ్ళిపోయాడు. "ఇంత బార్లా తెరిచారంటే పోవడానికి ఏమీ లేదనుకుని ఉంటాడు పాపం" అని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

నాన్న ఒకప్పుడు సైన్యాన్ని ఒడ్డుకు దింపే ఓడలో గేటు ఆపరేటరు. ఆ ఓడ వెనక వైపంతా ఒకే పెద్ద గేటు. గేటు దించి, ట్యాంకుల్లోకి నీళ్ళు ఎక్కించి ఓడని కావాలనే కాస్త ముంచితే, సముద్రం ఓడ కడుపులోకి వచ్చి నిలుస్తుంది. నావికులు దాన్ని లోపలి రేవు అంటారు. చిన్న పడవలు సైనికుల్ని ఎక్కించుకుని అక్కణ్ణించే ఒడ్డుకి పోతాయి, తిరిగి అక్కడికే వస్తాయి.

ఇరవై ఆరేళ్ళ కిందట, యుద్ధం రోజుల్లో, ఒక తుఫాను సాయంత్రం ఏడు పడవలు వెళ్ళి ఆరే వచ్చాయి. అలలు లోపలికి విరుచుకుపడుతున్నాయి, పైవాళ్ళతో మాట్లాడే ఫోను చచ్చిపోయింది, ఓడలో రెండు వందల నలభై మంది ఉన్నారు. నాన్న గేటు మూసేశాడు. ఏడో పడవలో పదకొండు మంది. విచారణ కమిటీ ఒకే వాక్యం రాసింది: ఉత్తర్వు లేకుండా గేటు మూయడం వల్ల పడవ బయటే ఉండిపోయింది. నాన్న ఉద్యోగం పోయింది. ఆ మరుసటి ఏడాది పుట్టిన కూతురికి, తలుపులు వేసుకునే ఇళ్ళు కూడా ఉంటాయని బడికి వెళ్ళాకే తెలిసింది.

ఆ కూతురు ఇప్పుడు నౌకాదళ రికార్డుల ఆఫీసులో గుమాస్తా. చేరి పద్నాలుగు నెలలు. కూడికలు ఆమె పెదవి కదపకుండా చేసేస్తుంది. నాన్న ఓడకి ముప్ఫై నాలుగేళ్ళు నిండి, ముక్కలు చేసే కోతకి వెళ్తోందని తెలిసి, దాని సర్వీసు చరిత్ర తానే రాస్తానని చెయ్యెత్తింది. పై అధికారి అయిన కమాండరు సంతోషించాడు. ఆమె ఎవరి కూతురో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

పందొమ్మిది దింపుళ్ళు. తొమ్మిది యుద్ధంలో, పది వరదల్లో, తుఫానుల్లో. మొత్తం రానివాళ్ళు ముప్ఫై ఒక్కరు. చరిత్రలో ఈ అంకె తప్పితే నడవదు. ఓడ నుంచి వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎక్కడ పోయినా చివరికి ఓడకే వచ్చి చేరతారు. మనిషికో సెంటీమీటరు చొప్పున ఓడ మునుగుతుంది. లావైనా సన్నమైనా అంతే. అందుకే బరువుల ఫారంలో ఇంధనం, నీళ్ళు, సరుకు తర్వాత నాలుగో గడి మీద 'రానివాళ్ళు' అని అచ్చువేసి ఉంటుంది. ఓడకి సెలవిచ్చే రోజు సర్వీసు చరిత్రలోంచి వాళ్ళ పేర్లు చదువుతారు. ఒక్కో పేరుకి ఓడ ఒక్కో సెంటీమీటరు లేస్తుంది. అందరూ దిగాకే ఓడని లాక్కెళ్ళే టగ్గు కడతారు. దిగని మనిషి ఉండగా ఓడని కోతకి పంపరు.

ఓడ పక్కన చిన్న పడవలో కూర్చుని, మునక చూపే తెల్ల అంకెలు చదివే పని ఒక సర్వేయరుది. ఆరడుగుల పైన ఉంటాడు కాబట్టి రేవులో అందరూ ఆయన్ని అంగుళం అంటారు.

"అమ్మాయ్, నీ లెక్కలో ఎంతమంది?" అని కింద నుంచి కేకేశాడు.

"ముప్ఫై ఒక్కరు బాబాయ్!"

"ఓడ ముప్ఫై రెండంటోంది."

"ఇంకోసారి చూడండి."

"మూడుసార్లు చూశా. శుక్లాలు నా కళ్ళకి గానీ ఓడకి లేవుగా!"

కమాండరు గడియారం చూసుకున్నాడు. "ఒక్క సెంటీమీటరే కదా, నాచు పట్టిందని రాసెయ్యండి. శుక్రవారానికి టగ్గు చెప్పేశాం."

"నాచుకి పేరుండదు సార్" అన్నాడు అంగుళం. "ఏమని పిలిచి దింపుతారు?"

ఆమె రికార్డుల గదులకి వెళ్ళింది. గేటు పుస్తకాలు డెక్ శాఖవి, కింది అంతస్తులో ఉంటాయి. ట్యాంకుల పుస్తకాలు ఇంజను శాఖవి, మూడో అంతస్తులో ఉంటాయి. ఆ రెండు శాఖలకీ మొదట్నుంచీ ఉప్పూ నిప్పూ. ఒకరి పుస్తకం ఇంకొకరు అడగరు, అడిగినా ఇవ్వరు. ఆ రెండింటినీ ఒకే బల్ల మీదికి తెచ్చింది ఆమే మొదటిసారి. తెచ్చేటప్పుడు ఇంజను శాఖ గుమాస్తా ఆమె చేత మూడు సంతకాలు పెట్టించుకుని, "కింద వాళ్ళకి చూపించకు" అని కూడా చెప్పాడు.

పద్దెనిమిది దింపుళ్ళూ సరిపోయాయి. మిగిలిన ఒక్కటీ ఆ తుఫాను సాయంత్రానిది. ట్యాంకుల దగ్గర కూర్చున్నవాడు అలలకి చలించని గొట్టం చూసి, పది నిమిషాలకోసారి ఓడ మునక పెన్సిలుతో రాశాడు. నాలుగు గంటలకి ఐదు మీటర్ల ఎనభై. నాలుగూ పదికి ఐదు మీటర్ల తొంభై ఒకటి. పక్కన చిన్న అక్షరాలతో: పంపు ఆపే ఉంది, లోపలికొచ్చిన నీరు తీసేసే లెక్కేశా, అయినా పదకొండు ఎందుకు పెరిగింది? నాలుగూ ఇరవైకి ఐదు మీటర్ల తొంభై రెండు.

ఆమె గేటు పుస్తకం తెరిచింది. గేటు మూసిన సమయం నాలుగూ పదిహేడు.

ఎంత పెద్ద తీసివేతైనా ఒక్కసారే చేసే పిల్ల, పదిహేడులోంచి పదిని నాలుగుసార్లు తీసింది. ప్రతిసారీ ఏడే వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి నాన్న ఆరిన బట్టలు మడత పెడుతున్నాడు. అమ్మ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"నాన్నా, నువ్వు గేటు వేసేసరికి వాళ్ళు పదకొండు మందీ పోయి ఓడలోకి వచ్చేశారు. ఏడు నిమిషాల ముందే. ఇంకా ముందేనేమో."

నాన్న చేతిలోని చొక్కా అలాగే ఉంది. "ఎలా?"

చెప్పింది. అంకెలు రెండోసారి చెప్పించుకున్నాడు.

"మరి తట్టిందెవరు?" అన్నాడు.

"ఎక్కడ?"

"గేటు మీద. మూశాక దబదబా బాదిన చప్పుడు. ఇప్పటికీ ఏ తలుపు వేసినా వినిపిస్తుంది." అమ్మ వైపు చూశాడు. "నీకు చెప్పలేదు."

"చెప్పకపోతే తెలీదా" అంది అమ్మ. "బయట్నుంచి తట్టారా, లోపల్నుంచా?"

నాన్న ఆలోచించాడు. "చీకటి. నీళ్ళు. నేను గేటుకి ఏ పక్కనున్నానో నాకే తెలీలేదు."

"గేటు వేశాక మునక ఇంకొకటి పెరిగింది నాన్నా. పన్నెండోది. అదెవరో తేలడం లేదు."

అమ్మ దారం కొరికి ముడి వేసింది. "తేలకపోవడమేమిటే. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఇంట్లో నేను వెతుక్కుంటున్న మనిషే."

నాన్న చొక్కాని ఒళ్ళో పెట్టుకుని, "వాళ్ళు ముందే పోయారనుకో. మరి ఇన్నేళ్ళూ నేనేం చేస్తున్నట్టు?" అన్నాడు.

గురువారం ఆమె రెండు పుస్తకాలూ కమాండరు బల్ల మీద పెట్టి, తాను ఎవరి కూతురో, ముప్ఫై రెండో సెంటీమీటరు నాన్నదేనని కూడా చెప్పింది. ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఇది ముందే చెప్పాల్సింది."

"చెబితే ఈ పని నాకిచ్చేవారు కాదు సర్."

"విచారణ కమిటీ వాక్యం మార్చే అధికారం నాకు లేదు."

"మార్చొద్దు సర్. దాని కింద ఈ రెండు పేజీలూ పక్కపక్కన అచ్చువేద్దాం. గడియారం చూడటం వచ్చినవాళ్ళు చూసుకుంటారు."

ఆయన రెండు పేజీలూ చూశాడు. పెన్సిలు రాతమీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంచాడు. "ఆ ముప్ఫై రెండో మనిషి సంగతో? బతికున్నవాళ్ళ పేరు చదవకూడదు."

"చదవొద్దు. ఆయన్నే పిలుద్దాం."

శుక్రవారం ఉదయం పేర్లు చదివారు. మొదటి పేరుకి ఓడ మెల్లగా నిట్టూర్చినట్టు కదిలింది. పదకొండు మంది పేర్లు వచ్చినప్పుడు, ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలామె లేచి నిలబడి, తన కొడుకు పేరు దాటిపోయాక కూర్చుంది. ఆ పేర్లకి ముందు, చరిత్ర రాసిన కూతురు ఆ ఏడు నిమిషాల లెక్క కూడా గట్టిగా చదివింది. జనంలో గుసగుసలు లేచి అణిగాయి. ముప్ఫై ఒక్క పేర్లకి ముప్ఫై ఒక్క సెంటీమీటర్లు.

నాన్న అప్పటికే ఓడలో ఉన్నాడు. లోపలి రేవు ఎండిపోయి తుప్పు వాసన వేస్తోంది. గేటు రేవు గట్టు మీదికి వాలి ఉంది. దాని మీదుగా ఇరవై అడుగులు వేస్తే బయటపడతాడు. ఆయన గేటు మీట మీద చెయ్యి వేసి, పాతచోటే, నిలబడ్డాడు.

"రా నాన్నా" అంది కూతురు గట్టు మీద నుంచి.

రాలేదు. పావుగంట. అరగంట. టగ్గు వాళ్ళు రెండుసార్లు కూత వేశారు. "తొందరేం లేదు సార్, నేను నీళ్ళలో నానే రకాన్నే!" అన్నాడు అంగుళం పడవలోంచి కమాండరుతో.

అప్పుడు ముందు వరుసలోని ముసలామె గేటు దగ్గరికి నడిచి, లోపలికి తొంగి చూసింది. "వాళ్ళందరూ దిగిపోయారు బాబూ" అంది. "నువ్వొక్కడివే ఏం చేస్తావక్కడ?"

నాన్న మీట మీంచి చెయ్యి తీశాడు. ఒక్కో అడుగూ చూసి చూసి వేస్తూ గేటు మీదుగా నడిచాడు. గట్టు రాయి మీద కాలు పెట్టగానే అంగుళం ఏమీ అరవలేదు, చూపుడు వేలు ఒకటి పైకెత్తాడంతే. ముసలామె నాన్న వైపు చూసింది గానీ దగ్గరికి రాలేదు. ఆయన కూడా వెళ్ళలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న ముందు నడిచి వెళ్ళిపోయాడు. అమ్మా కూతురూ దారిలో సబ్బులు కొనుక్కుని వచ్చేసరికి, ఇటుక గోడవారగా జరిపి ఉంది. వీధి తలుపు వేసి ఉంది. దాని బయటి వైపు ఏ రంగో ఇద్దరూ మర్చిపోయారు. ఆకుపచ్చ.

అమ్మ చెయ్యెత్తి దించేసింది. "తట్టాలంటే భయంగా ఉందే" అంది.

"నేను తట్టనా?"

"వద్దు." అమ్మ రెండుసార్లు తట్టింది, వేలి కణుపులతో, మెత్తగా.

లోపల కుర్చీ జరిగింది. అడుగులు దగ్గరికొచ్చి, తలుపు అవతల ఒక్క క్షణం ఆగాయి.

"ఎవరూ?" అన్నాడు నాన్న, తలుపు తీస్తూనే.