భంగిమ ఎవరిది?

మనిషి నిలబడి ఉన్నప్పుడు నిలబడుతున్నది అతడా, అతన్ని నిలబెట్టినవాడా?

బరువంతా ఎడమకాలి మీద మోపి, కుడిచేతిని తలకు మించి ఎత్తి, చెక్క వేదిక మీద అతడు తన్ను తాను ఈ ప్రశ్న వేసుకున్నాడు. విశ్వవిద్యాలయపు చిత్రకళా విభాగంలో అతని పని ఇదే: నిక్కరు మాత్రం తొడుక్కుని, చెప్పిన తీరున కదలకుండా నిలబడటం. చుట్టూ కూర్చున్న విద్యార్థులు అతన్ని చూసి బొమ్మలు గీస్తారు. విగ్రహమని పేరు పెట్టారు. అతడు నొచ్చుకోలేదు. విగ్రహానికి మోకాళ్లు అరగవు, అంతే తేడా.

ఎడమ మోకాలికి ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు. ఉద్యోగులకైతే విశ్వవిద్యాలయమే చేయిస్తుంది. కాంట్రాక్టు మనుషులు తమ తిప్పలు తాము పడాలి. అతడు ఏ కోవలోకి వస్తాడో ఈరోజు తేలుతుంది.

పొద్దున మోకాలికి కట్టు కడుతూ భార్య అంది, "ఊరికే నిలబడి వచ్చేవాడికి కాలునొప్పేమిటని మా అన్నయ్య ఒకటే నవ్వు. ఉద్యోగివని తేల్చుకుని రా, వాడి నోరు మూతపడుతుంది." ఆమె కూడా నవ్వింది గాని, కట్టు బిగించే చేతుల్లో నవ్వు లేదు.

"గడ్డం కొంచెం ఇటు, బాబాయ్. ఊఁ, చాలు. చెయ్యి జారుతోంది" అన్నాడు డ్రాయింగ్ మాస్టారు.

విరామంలో ఆయనే దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "మీ సంగతి తేల్చడానికి ఆఫీసాయన వస్తాడు. ఎలా నిలబడాలో ఎవరు చెబుతారని అడుగుతాడు. మీ ఇష్టమేనని చెప్పండి."

"చెప్పేది మీరే కదా, బాబూ?"

"నేనే. కానీ ఒకరు చెప్పినట్టు చేసేవాడు ఉద్యోగి, తన ఇష్టాన చేసేవాడు కాంట్రాక్టు మనిషి అని వాళ్ల లెక్క. అలా అంటే మీరు ఉద్యోగి అవుతారు. ఉద్యోగికి వయసు చూస్తారు, మీది ఎప్పుడో దాటిపోయింది. రేపట్నుంచి రావద్దంటారు. మీ మంచికే చెబుతున్నా."

వైద్యం కావాలంటే పని పోవాలి. పని కావాలంటే కాలు పోవాలి. ఇందులో ఎంచుకోవడానికి ఏముందో అతనికి బోధపడలేదు.

ఆఫీసాయన వచ్చాడు. కూర్చోలేదు.

"ఎలా నిలబడాలన్నది ఎవరి నిర్ణయమండీ?"

"నాదేనండీ."

"ఎంతసేపన్నది?"

అతడు మాస్టారి వైపు చూశాడు. "అదీ నాదే."

"అదృష్టవంతులు! మాకెక్కడిదండీ ఆ స్వేచ్ఛ" అని నవ్వి, ఆయన వెళ్లిపోయాడు.

అతడు మళ్లీ వేదిక ఎక్కాడు.

"చెయ్యి పైకి, బాబాయ్. ఇంకొంచెం. ఇక కదలకండి."

చెయ్యి లేచింది. అతడు బతుకులో అబద్ధమాడకపోలేదు. ఆడిన ప్రతిసారీ ఏదో ఒకటి దక్కింది. ఈసారి దక్కింది ఈ నొప్పే. ఇక తన చేతిలో మిగిలింది ఆ అబద్ధాన్ని నిజం చేయడమేనని తోచింది. తోచిన మరుక్షణమే చెయ్యి దించాడు. మెల్లగా వేదిక దిగి, పంట్లాము, చొక్కా తొడుక్కున్నాడు. పెన్సిళ్లు ఆగిపోయాయి.

"బాబాయ్! ఎవరినడిగి దిగారు?"

అతడు ఆగి, ఆ మాటను పూర్తిగా విన్నాడు.

"ఈ మాటేదో ఇందాక ఆయన ముందు అనుంటే బాగుండేది, బాబూ."

కుంటుతూ తలుపు దాటాడు. మరి రాలేదు.

విరామం తర్వాత మళ్లీ అదే చోట నిలబడేందుకని పాదాల చుట్టూ గీసిన సుద్దగీతలు వేదిక మీద ఉండిపోయాయి. ఎడమపాదానికి మాత్రం, కాలు నిలవనందువల్ల కాబోలు, రెండు గీతలున్నాయి.