కనుబొమ్మ మీది మచ్చ

డిజైన్ క్లాసులో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే ఫొటోలో పులిని గుర్రం మీద ఎక్కించేయాలని ఉబలాటం. వాళ్లు మాస్టారూ అని పిలిచే మనిషి మాత్రం గంటసేపు ఒకటే పాఠం చెబుతాడు: ఫొటో తెరవగానే కాపీ తీయండి, ఏం చెరిపినా కాపీ మీదే చెరపండి, అసలుదాన్ని ముట్టుకోకండి. పిల్లలు ఆవులిస్తారు. అతను పట్టించుకోడు. ఆ పాఠం అతనికి ఊరికే రాలేదు.

పదిహేనేళ్ల కిందట ఈ విద్య నేర్చుకుంటూ, చేతికందిన మొదటి ఫొటో మీద పడ్డాడు. అది వాళ్లమ్మది. కెమెరా కనబడితే చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి, ఆ రోజు ఏ కళనుందో, తిన్నగా చూసి నవ్వింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మరీ ముడతలు చెరిపాడు. కళ్లకింద నలుపు తీశాడు. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన మచ్చ మీద పక్కనున్న నున్నటి చర్మాన్ని తెచ్చి అతికించాడు. అంతా అయ్యాక దర్జాగా సేవ్ నొక్కాడు, అదే ఫైలు మీద.

"ఎవర్రా ఈ పిల్ల? సంబంధాలు చూడమంటావా?" అని అమ్మ పడీపడీ నవ్వింది.

అమ్మ పోయి ఏడాదైంది. గోడకు పెట్టుకుంటానని అక్క ఫొటో అడిగింది. మొహం కనబడేది అదొక్కటే. తెరిచిన ప్రతిసారీ అతనికి ప్రాణం ఉసూరుమనేది. అందులో ఉన్నది ఎవరో నున్నటి ఆడమనిషి. అమ్మ ముడతల కోసం అతను మొహం వాచిపోయాడు.

ముడతలైతే ఎలాగో గీశాడు. మచ్చ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఊహ తెలిసినప్పటినుంచీ చూసిన మచ్చ! నిలువుగా ఉండేదా, ఏటవాలుగానా? గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. చివరికి అక్కను పిలిపించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఇంకాస్త పైకి," అంది అక్క. "ముక్కువైపు వంచు. అబ్బ, అంత లావు కాదురా!"

గంట గడిచాక అక్క అతని చెయ్యి పట్టి ఆపింది. తెర మీద అమ్మ ఉంది.

"నీకింత బాగా ఎలా గుర్తుందక్కా?"

"తగిలినప్పుడు అక్కడే ఉన్నాగా. రక్తం తుడిచింది నేనే."

"తలుపు కొట్టుకుందని కదా అమ్మ చెప్పేది?"

"తలుపూ లేదు, ఏమీ లేదు. నీకప్పుడు రెండేళ్లు. అన్నం వద్దని గ్లాసు విసిరికొట్టావు. వాడికి చెప్పకే, బాధపడతాడు అని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది."

అతను మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

"నేను చెరిపేస్తుంటే పక్కనే కూర్చుందక్కా," అన్నాడు. "అప్పుడైనా ఒక్కమాట అనలేదే."

అక్క అతని వీపు నిమిరింది. కన్నీళ్లు ఆగలేదతనికి.

"ఒక్కసారి అమ్మ కావాలక్కా," అన్నాడు.