శాంతమ్మకిచ్చిన మందు

శివాజీకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు అది చేతుల్లోకి కూడా దిగింది. నరసరావుపేటలో ఓ ప్రైవేటు ఆస్పత్రి వరండాలో నిలబడి, డాక్టర్ దీపిక మొహం మీదికి వేలు ఊపుతున్నాడు. వెనకాల బెల్లంకొండ మండలం నుంచి రెండు కార్లలో దిగిన అతని మనుషులున్నారు. వాళ్లకక్కడ పనేమీ లేదు, ఉన్నామని చూపించుకోవడమే పని.

లోపల మంచం మీద శివాజీ తండ్రి వీరయ్య. మూత్రంలో ఇన్ఫెక్షన్, చలిజ్వరం. ఏళ్ల తరబడి షుగరు ఉండడంతో కిడ్నీలు అప్పటికే సగం దెబ్బతిన్నాయి. మూత్రం పరీక్షకు పంపితే, ఆ క్రిమి మామూలు ఇంజక్షనుకే చస్తుందని రిపోర్టు వచ్చింది. దీపిక అదే మొదలుపెట్టింది. గొడవంతా అక్కడే.

"మామూలు ఇంజక్షనేంది? మామూలోళ్లకి పెట్టుకో మామూలుది. మా నాన్నకి కొలిస్టిన్ పెట్టు" అన్నాడు శివాజీ.

పదో తరగతి గట్టెక్కని మనిషికి ఆ మందు పేరెలా తెలుసంటారా? ధనుంజయరావు పుణ్యం. ఊళ్లో ఇతనిది ఒక వర్గం, ధనుంజయరావుది ఎదుటి వర్గం. ఒకరు బోరు వేయిస్తే రెండోవాడు అంతకంటే లోతుగా వేయించాలి, నీళ్లు పడ్డా పడకపోయినా. కిందటి ఎండాకాలం ధనుంజయరావు తల్లి శాంతమ్మ ఇదే జబ్బుతో ఇదే ఆస్పత్రిలో చేరి, నడుచుకుంటూ ఇంటికొచ్చింది. "మా అమ్మకి కొలిస్టిన్ పెట్టించా. దాని పైన ఇంకో మందు లేదంట" అని ధనుంజయరావు టీకొట్టు దగ్గర కూర్చుని ఊరంతటికీ చెప్పాడు. అప్పట్నుంచీ ఆ ఊళ్లో కొలిస్టిన్ అంటే మందు కాదు, హోదా.

దీపిక మాచర్ల పిల్ల. ఇలాంటి వేళ్లు చూసే పెరిగింది. గొంతు పెంచకుండానే చెప్పింది.

"ఇంకే మందూ పనిచేయనప్పుడు ఆఖరున వాడేది అది. మీ నాన్నగారికి మామూలుదే పనిచేస్తోంది. కొలిస్టిన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది, ఆయనకి ఉన్నవే సగం. పైగా అక్కర్లేనివాళ్లకి వాడుకుంటూ పోతే క్రిములు దానికీ లొంగకుండా తయారవుతాయి. నిజంగా అవసరమైనవాడు వస్తే అప్పుడు పెట్టడానికి మా దగ్గర ఏమీ ఉండదు."

"లోపల ఐసీయూలో ఎవడికో పెడతన్నారంట గదా?"

"ఇన్నయ్య అని, క్వారీలో రాయి పడి కాలు నలిగింది. ఆ పుండులో క్రిమి ఒక్క మందుకీ లొంగట్లేదు. వేరే దారి లేక, రోజూ రక్తపరీక్ష చేస్తూ, భయపడుతూ పెడుతున్నాం."

శివాజీ చెవుల్లో ఆ భయమూ పడలేదు, పరీక్షా పడలేదు. పడింది క్వారీ ఒక్కటే.

"రాళ్లు కొట్టేవాడికి పెడతావు, మా నాన్నకి పెట్టవా? ఎంత పొగరే నీకు!"

గదిలోంచి వీరయ్య గొంతు వినిపించింది. "ఒరేయ్, ఆ పిల్ల చెప్పినట్టు చెయ్యనియ్యరా. నాకు జ్వరం తగ్గతానే ఉంది గదా."

"నువ్వు ఊరుకో నాన్నా. నీకు తెలవదు."

జ్వరం తగ్గుతున్న మాట నిజమే. ఆ ఉదయం పెద్దాయన ఇడ్లీలు తిని, చట్నీలో కారం లేదని నర్సును తిట్టాడు కూడా. కన్నకొడుకుకి అది కనపడాలా వద్దా? కనపడలేదు. టీకొట్టు దగ్గర ధనుంజయరావు మనుషులు నవ్వబోయే నవ్వే వాడి కళ్ల ముందు ఆడుతోంది.

ఆస్పత్రి ఓనరు కూడా డాక్టరే. పై అంతస్తు అనుమతి లేకుండా లేపాడు, ఆ సంగతి శివాజీకి తెలుసు. అందుకే ఓనరు గదిలో మాటలు ఎక్కువసేపు సాగలేదు. దీపికను పిలిపించి రాయమన్నారు.

"నేను రాయను సార్."

"నువ్వు రాయకపోతే నేను రాస్తానమ్మా."

"రాయండి. కేసు కూడా మీరే చూసుకోండి" అని, ఆమె శివాజీ వైపు తిరిగింది. "మీరంటే నాకు గౌరవం లేదు. మీ నాన్నగారంటే ఉంది. ఆయనకి మూత్రం తగ్గుతుందేమో చూస్తూ ఉండండి, తగ్గితే వెంటనే మందు ఆపించండి."

"పోవే, చెప్పొచ్చావు!" అన్నాడు శివాజీ. కిడ్నీలు దెబ్బతినొచ్చని చదివి వినిపించిన కాగితం మీద, చదివింది వినకుండానే సంతకం గీకాడు. మందు ఎక్కుతున్న సీసాను ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దండాలు పెట్టే బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. ధనుంజయరావు కూడా ఒకటి పెట్టాడు. అది చూసి శివాజీకి కడుపు నిండింది.

జ్వరం పూర్తిగా పోయింది. అదెలాగూ పోయేదే. ఆ తర్వాత వీరయ్య పాదాలు వాచాయి. మూత్రం తగ్గింది. నర్సు చెబితే, "ముసలాయన, నీళ్లు సరిగా తాగట్లా" అని శివాజీ కొట్టిపారేశాడు. ఓనరు గారు చూసేసరికి ఆలస్యమైంది. ఆయాసం వచ్చి, మనిషి కూర్చోలేకా పడుకోలేకా గింజుకుంటుంటే మందు ఆపి డయాలసిస్ మీద పెట్టారు. కిడ్నీలు కోలుకుంటాయా అని అడిగితే ఓనరు గారు వారానికి ఎన్నిసార్లు డయాలసిస్ చేయించాలో చెప్పారు.

ఎంత పగ ఉన్నా ఆస్పత్రిలో ఉన్న మనిషిని పరామర్శించడం మాత్రం మా వైపు మానరు. మానితే అదో కొత్త పగ. ధనుంజయరావు కొబ్బరి బొండాలు పట్టుకుని వచ్చాడు. కిడ్నీలు పోయినవాళ్లకి కొబ్బరినీళ్లు పడవని నర్సు గుమ్మంలోనే లాగేసుకుంది. ఖాళీ చేతులతో మంచం పక్కన నిలబడి, వీరయ్య మెడకి గుచ్చిన గొట్టాలను చూశాడు. చూసి, నిజంగానే బెదిరిపోయాడు.

"ఈ ఆస్పత్రి పునాదులతో సహా లేపేస్తా" అంటున్నాడు శివాజీ. "మీ అమ్మకేమో ఆ మందు పెట్టి నడిపించి పంపారు. మా నాన్నకి అదే మందు పెట్టి ఇట్టా చేశారు. నా మీద కక్షతో కావాలనే చేయించింది, ఆ దీపిక. దాన్ని ఊరికే వదలను."

ధనుంజయరావు శివాజీ భుజం పట్టుకున్నాడు.

"అబ్బాయ్, ఆ పిల్ల జోలికి పోబాకు. మా అమ్మకి ఆ మందు పెట్టలా."

"ఏందీ?"

"నేనూ నీ మాదిరే అడిగా. ఆ దీపికమ్మే పెట్టనంది. మామూలు ఇంజక్షనే చేసింది, దాంతోనే తగ్గింది. ఊళ్లో గొప్పగా ఉంటదని నేనే కొలిస్టిన్ అని చెప్పుకున్నా. నువ్వింత చేస్తావనుకోలేదబ్బాయ్."

శివాజీ చెయ్యి లేచింది. కొడితే ఎవరిని కొట్టాలో తెలియక గాల్లోనే ఆగింది.

వీరయ్య నిద్రపోతున్నాడనుకున్నారు ఇద్దరూ. ఆయన కళ్లు తెరిచి కొడుకు వంక చూశాడు.

"అయితే శాంతమ్మకిచ్చిన మందే నాకూ ఇచ్చింది గదరా, ఆ పిల్ల" అన్నాడు.