మూటగట్టిచ్చిన మార్కులు

జర దగ్గరికి జరుగు బిడ్డా. గోడకు ఒరగకు, సున్నం అంటుతది. ఇయ్యాల నీకు పెద్ద చదువుల భయం ఎట్లుంటదో చెప్త. పామును చూస్తె కట్టె దేవులాడుకుంటం. ఈ భయం కట్టెకు దొరికేది గాదు. కడుపుల కూసుండి, అన్నం కంటె ముందు అదే తింటది.

గద్వాల్ల సరిత అని ఒక పిల్ల ఉండె. చీరెలు నేసే ఇల్లు వాళ్లది. అవ్వ పేరు రుక్కమ్మ. మగ్గం సప్పుడు జరసేపు ఆగితె "పానం బాగలేదా రుక్కమ్మా" అని పక్కింటోళ్లు తొంగిచూసే ఇల్లు. ఆ ఇంట్లకెల్లి పట్నంల పెద్ద చదువుకు పోయింది సరిత ఒక్కతే. ఏం చదువంటవా? ట్యాబులంటరు సూడు, పలకలసొంటియి, వాటి మీద పిల్లలకు ఆటలాడించుకుంట చదువెట్ల చెప్పాలె అనే చదువు. సరిత లెక్కల ఆట ఒకటి తయారుచేసింది. దానితోని పిల్లలకు భాగారం వస్తుందా రాదా అని చూసి, పెద్ద పుస్తకం రాసియ్యాలె. అప్పుడే పట్టా.

ఆమెకు దారి చూపే మేడం పేరు మాలతి. తిట్టేది గాదు, కొట్టేది గాదు. కండ్లద్దాలు తీసి, ఊకె చూస్తుండె. ఆ చూపుకే సరిత చెప్పాలనుకున్న మాట మింగేస్తుండె. మేడం ఫోన్ చేసి "ఎట్లా నడుస్తుంది?" అంటె చాలు, "అంతా మంచిగుంది మేడం" అని పెట్టేస్తుండె. బాగున్ననాడు గదే మాట, బాగ లేనినాడు గదే మాట.

అచ్చంపేట దగ్గర అడివంచు ఊరొకటి. బడిల ఇరవై మంది పిల్లలు, ఒక్క సారు. వంట చేసే ముసలామె సాయమ్మ. సరిత ఆరు వారాలు ఆడనే ఉండి ఆట ఆడించింది. మొదటి దినం పిల్లలు ట్యాబును చూసి బెదిరితె, "ఇది మీ పరీక్ష గాదు రా, నా పరీక్ష. మీరు బుగులు పడొద్దు" అన్నది. భయమంటె ఏందో ఎరిగిన పిల్ల గదా, అట్ల అన్నది.

ఆఖరి పరీక్ష నాడు ఏమైందంటె, నాగర్‌కర్నూల్ల ఆఫీసుల ఒక సంతకం కావాల్సొచ్చింది. సారు కూడ మీటింగుకు పోయిండు. "ట్యాబులు పిల్లలకిచ్చి కూసోబెట్టు సాయమ్మా, మధ్యాహ్నానికల్ల వస్త" అని సరిత బస్సెక్కింది. వచ్చి చూస్తె అందరికీ ఇరవైకి పంతొమ్మిది! పిల్ల గాలిల తేలింది. పోయేటప్పుడు సాయమ్మ కొంగుల పల్లికాయలు తెచ్చి సంచిల పోసింది. "ఆడబిడ్డవు, వట్టి చేతుల తోని పంపుతమా" అన్నది.

మార్కులు మేడంకు పంపింది. మేడం సంబురపడి, "శనివారం వనపర్తిలో రెండు వందల మంది టీచర్లు వస్తున్నారు, నీ ఆట సంగతి నువ్వే చెప్పు" అన్నది.

గురువారం నాడు ఇంట్ల మగ్గం పక్కన కూసోని, ఏం మాట్లాడాలె అని ఆ లెక్కలు మల్ల తీసింది. అందరికీ పంతొమ్మిదే ఎట్లొచ్చింది? పోయిన ఒక్క మార్కు ఏ లెక్కల పోయింది? నలభై రెండు చింతగింజలు ఆరుగురికి పంచుమంటె ఇరవై మందీ ఎనిమిదే రాసిండ్రు. ఏడు అని ఒక్కరు గూడ రాయలే. టైము చూసింది. ఒకరిది అయిపోయినంకనే ఇంకొకరిది మొదలైంది, వరుసగ. అంటె ఇరవై మందివి ఒక్క చెయ్యే రాసినట్టుంది.

సాయమ్మకు ఫోన్ చేసింది. "సాయమ్మా, నిజం చెప్పు. ఆ దినం పరీక్ష ఎవరు రాసిండ్రు?"

"ఎవరేంది, మన శ్రీజ! బడిల అందరికంటె తెలివైన పిల్ల అదే గద. ఒక్కొక్క ట్యాబు ఇచ్చి అన్నీ దాంతోనే రాయించిన."

"ఎందుకు సాయమ్మా?"

"ఓ పిచ్చిపిల్లా! నీ పరీక్ష అని నువ్వే అంటివి గద. ఈ పోరగాండ్లు తప్పులు రాస్తె సున్న నీకే గద పెడ్తరు. మా ఊరికొచ్చిన ఆడబిడ్డను ఫేలు జేసి పంపుతమా? పాసైనవా మరి?"

ఫోన్ పెట్టేసింది. రుక్కమ్మ మగ్గంల అటిటు ఉరికే నాడెను ఆపి చూసింది.

"ఏందే, ముఖం గట్ల పాలిపోయింది?"

సంగతంత చెప్పింది.

"మేడంకు తెలుస్తదా?"

"తెల్వదమ్మా. ఎవరికీ తెల్వదు. గదే నాకు భయం."

చెప్తె ఏడాది పోతది, చదువులకెల్లి పేరే కొట్టేస్తరేమో. సాయమ్మను వంటకెల్లి తీసేస్తరేమో. చెప్పకపోతె ఆ ఆటను పట్టుకొని రెండు వందల మంది పంతుళ్లు బడులకు పోతరు. పిల్లలకు లెక్క రాకపోతె "మీకే తెలివి లేదు" అని పిల్లలనే అంటరు. రెండు దినాలు నోట్లెకు ముద్ద పోలే.

శనివారం పొద్దుగాల వనపర్తి బస్సెక్కింది. బస్సు ఖరాబై నడిమిట్ల ఆగితె బాగుండు అని మొక్కుకున్నది పాపం. ఆగలే. మేడం సభ పక్కరూముల చాయ్ తాగుతుంది. సరిత నిలబడే చెప్పింది, ఒక్క ఊపిరిల.

మేడం అద్దాలు తీసింది. "ఇది ఎవరు చేయించారు?"

"పరీక్ష నాది మేడం. వదిలిపెట్టి పోయింది నేను."

"నేను అడిగింది అది కాదు."

"నా నోటి నుంచి ఆ పేరు రాదు మేడం." ఆ మాట అని కుర్చి పట్టుకున్నది.

మేడం కాయితం తీసుకొని సరిత పేరు మీద గీత కొట్టింది. "ఈ రోజు నువ్వు మాట్లాడవు. ఆ మార్కులన్నీ తీసెయ్. పుస్తకం ఆరు నెలలు వెనక్కి పోతుంది, నేను ఆపలేను." ఇంకా అన్నది: "సరితా, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఓడేది తెలివి తక్కువ వాళ్లు కాదు. 'అంతా మంచిగుంది' అనేవాళ్లు. రోజూ చూసింది రాసుకో. చెడింది ముందు చెప్పు. చెడ్డది వినడానికే నేనున్నాను."

సరిత బయటికొచ్చి నల్లా కాడ ముఖం కడుక్కొని ఏడ్చింది. ఆరు నెలలంటె మాటలా!

మల్ల అడివంచు ఊరికి పోయింది. సంగతంత విన్న సాయమ్మ బడి గడపల నిలబడి "నీ కొంప నేనే ముంచితిని బిడ్డా" అని నెత్తి కొట్టుకున్నది.

"నువ్వు ముంచలే సాయమ్మా, నువ్వు పల్లికాయలు పెట్టినట్టే మార్కులు గూడ పెట్టినవ్. అవి నాకే అరగలే," అన్నది సరిత. పిల్లలను దూరం దూరం కూసోబెట్టింది. "తప్పు రాస్తె తప్పే కావాలె నాకు," అన్నది.

ఒకరికి ఆరు, ఒకరికి పద్నాలుగు, ఒక పిల్లకు నాలుగు. సరిత ఆ నాలుగును నాలుగనే రాసింది. శ్రీజ ఈసారి కూడ నలభై రెండు కాడ ఆగి, వేళ్లు మడుస్తుంటె, తన ఆటలనే ఏదో కొరత ఉన్నది, పంచుడు వీళ్లకు అర్థమైతలేదు అని సరితకు అప్పుడే మొదటిసారి కనిపించింది.

గింతే బిడ్డా. భయం పోయిందా అంటె పోలే. ఇప్పటికీ మేడం పేరు ఫోన్ల కనబడితె గుండె జల్లుమంటదంట. ఈ సంగతి మరువకు. నీ తోటి పెద్ద చదువులు చదివే పిల్లలు ఎవరన్న అన్నం తినక మూల కూసుంటె, పక్కన కూసోని సరిత కథ చెప్పు. నాకంటె మంచిగ చెప్పు.